అంగీ తొడగవలసిన మనిషి

లాండ్రీ అక్క నోరు మంచిదని ఆ వీధిలో ఎవరూ అనరు. మనిషి మంచిదని మాత్రం అందరూ ఒప్పుకుంటారు. మరక పోలేదని ఎవరైనా గొడవకొస్తే, ఆమె ఆ చొక్కాను వెలుతురుకు పట్టి చూసి, "ఇది టీ మరక కాదండీ, జుట్టుకేసుకునే రంగు. ఇంట్లో ఏం చెప్పుకున్నా నాకు మాత్రం నిజం చెప్పండి, లేకపోతే ఏ మందు వెయ్యాలో నాకెలా తెలుస్తుంది?" అని మొహం మీదే అనేస్తుంది. అంత మాట పడ్డవాడు కూడా పై వారం మళ్ళీ అదే కౌంటరు ముందు సంచీ పట్టుకుని నిలబడతాడు. పని అలా చేస్తుంది మరి.

కొట్టు ముందుభాగంలో కౌంటరు, వెనక పొడుగాటి గది. గోడ వారగా వాషింగ్ మిషన్లు, పైన ఈ చివరి నుంచి ఆ చివరికి బట్టలు వేలాడే ఇనుప కమ్మీ, వెనక కిటికీ దగ్గర ఆవిరి ప్రెస్సు. ప్రెస్సు మూత దించినప్పుడల్లా బుస్సుమని ఆవిరి లేచి, కిటికీ అద్దాలు మసకబారతాయి. ఆమె భర్త వ్యానులో బట్టలు తెచ్చి ఇస్తుంటాడు. ఇంటికి కావలసిన మాటలన్నీ భార్యే మాట్లాడేస్తోంది కదా అని ఆయన ఆ శ్రమ పెట్టుకోలేదు.

అక్కకు ఒక తమ్ముడు. తల్లి ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసే రోజుల్లో వాణ్ణి చంకనేసుకుని తిరిగి పెంచింది ఈమే. మాటలు రాగానే బోర్లించిన తొట్టి మీద నిలబెట్టి పద్యాలు చెప్పించింది. ఇక వాడు తొట్టి దిగలేదు. బళ్ళో వాడి పేరు మైకు. పెద్దయ్యాక పాస్టరయ్యాడు. ఆ పని కాకపోతే వాడింకేం చేస్తాడని అక్కే అనేది, అంటూ మురిసిపోయేది.

వాళ్ళ చర్చిలో ఒక పద్ధతి ఉంది. పాస్టరు వేసుకునే తెల్లటి నిలువుటంగీ పాస్టరుది కాదు, సంఘానిది. పనిలో చేరిన రోజున సంఘంలోని మామూలు మనిషి ఎవరో ఒకరు లేచి దాన్ని తొడుగుతారు. పాస్టరు తప్పు చేస్తే పెద్దలు ఆ అంగీ తీసేసుకుంటారు. మళ్ళీ వేసుకోవాలంటే పెద్దలు తొడిగితే చెల్లదు. ఎవరికి తప్పు చేశాడో ఆ మనిషే తన చేత్తో తొడగాలి. అక్క తమ్ముడి అంగీ కొంతకాలంగా లాండ్రీలోనే, ఆ ఇనుప కమ్మీ చివర, ప్లాస్టిక్ కవరులో వేలాడుతోంది. దాన్ని తొడగవలసిన మనిషి దాని కిందే నిలబడి రోజంతా ఆవిరి ప్రెస్సు నడుపుతోంది.

ఆమెను అందరూ పిన్ని అంటారు. కొట్టు పెట్టిన నాటి నుంచీ అక్క దగ్గరే పని. ఆమె భర్త ఇళ్ళకు రంగులు వేసేవాడు. చివరి బెంచీలో కూర్చుని, ప్రసంగం సాగిన కొద్దీ దగ్గు పెంచేవాడు. తరవాత చర్చికి రావడమే మానేశాడు. "మన పాస్టరు దేవుడి గురించి చెప్పేదానికంటే తన గురించి చెప్పుకునేదే ఎక్కువ" అని నలుగురిలో అన్నాడు. ఆ మాట నడుచుకుంటూ పాస్టరు చెవిలో పడింది. మాటలతో బతికేవాడికి మాటే తగిలింది.

ఆ రంగులాయన జబ్బుచేసి పోయాడు. భూస్థాపన ప్రార్థన చదవడానికి పాస్టరు వచ్చాడు. అంగీ వేసుకున్నాడు, పుస్తకం తెరిచాడు, పెట్టె వైపు చూశాడు, పుస్తకం మూసేశాడు. "దేవుడి ఇంటికి రానివాడికి దేవుడి ఇంట్లో చోటు అడగడం నా పని కాదు" అని అందరూ వినేలా చెప్పి వెళ్ళిపోయాడు. మట్టి వేసేవాళ్ళు పారలు పట్టుకుని ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చివరికి పిన్నే "వెయ్యండి నాయనా" అంది. ప్రార్థన లేకుండానే పూడ్చేశారు.

అంతటితో ఆగితే మైకు ఎందుకవుతాడు? ఆదివారం అదే మాట ప్రసంగంలో మళ్ళీ చెప్పాడు. ఎవరో ఫోనులో పట్టారు. అది ఊరంతా తిరిగింది, పత్రికలకెక్కింది. నిప్పులాంటి పాస్టరని కొందరు, రాయిలాంటివాడని కొందరు తగువులాడుకున్నారు. సంఘపెద్దలు అంగీ తీసుకున్నారు. దాన్ని అక్క చేతికే ఇచ్చి, "ఆమె మీ కొట్లోనే ఉంది, ఆయన మీ ఇంట్లోనే ఉన్నాడు. తొడిగే రోజు వస్తుందేమో చూద్దాం" అన్నారు.

తమ్ముడు కొట్టు పైనున్న గదిలో ఉంటాడు. మెట్లు దిగితే పిన్ని. కానీ వాడు ముందు మెట్లు మానేసి వెనక మెట్లు వాడటం మొదలుపెట్టాడు. అక్కకు కావలసింది ఒక్కటే: వాడు కిందికి వచ్చి, పిన్ని ముందు నిలబడి, తప్పయిందని చెప్పాలి. అంగీ తిరిగొచ్చినా రాకపోయినా సరే. తను పెంచిన చెయ్యి అంత పని చేసి, చెయ్యలేదన్నట్టు భోంచేయడం ఆమె కళ్ళతో చూడలేకపోయింది. రోజూ అదే చెప్పేది. వాడు నీళ్ళు నమిలేవాడు. కొన్నాళ్ళకు నీళ్ళు నమలడం పెరిగింది, భోజనం తగ్గింది. ఇక దారికొస్తాడని అక్క అనుకుంది.

అప్పుడు రంగంలోకి దిగారు 'ఒకే ఇల్లు' వాళ్ళు.

అదొక కొత్త మతం. వాళ్ళు మతమనరు, కుటుంబమంటారు. బస్సు డిపో వెనకాల పెద్ద తెల్ల హాలు కట్టారు. అన్ని మతాలూ ఒకే ఇంటి గదులన్నది వాళ్ళ మాట. మాట బాగానే ఉంది, అక్కకు కూడా నచ్చింది. ఏటేటా సర్వమత సభ పెట్టి, అన్ని మతాల గురువులనూ వేదిక మీద వరసగా కూర్చోబెడతారు. చిక్కల్లా ఏమిటంటే, పదవిలో ఉన్న గురువులకు వీళ్ళ ఆహ్వానం అందగానే ఏదో ఒక అర్జంటు పని పడేది. దాంతో వీళ్ళు పదవి ఊడినవాళ్ళ వెంట పడ్డారు. లోకం అంతమయ్యేది ఫలానా రోజని చెప్పి, ఆ రోజు దాటాక ఇంకో రోజు చెప్పినాయన ఒకరు. ధర్మకర్తలతో పోట్లాడి, మందిరం తాళంచెవి జేబులో వేసుకుని ఊరొదిలి వెళ్ళినాయన ఇంకొకరు. ఎవరి మఠం గెంటేసినా, ఎవరి సంఘం వెలివేసినా, ఒకే ఇల్లు తలుపు తెరిచే ఉండేది. వీళ్ళ అంగీలూ ఉత్తరీయాలూ ఉతకడానికి అక్క కొట్టుకే వచ్చేవి. ఒక్కో మూట విప్పుతూ, "పిన్నీ, లోకాంతంగారి కాలరు చూడు, ఎంత చెమటో. పాపం, ఆయనకే భయమేసినట్టుంది" అని అక్క నవ్వేది.

ఒకరోజు తమ్ముడు ముందు మెట్ల మీంచే దిగాడు. మొహం వెలిగిపోతోంది.

"అక్కా, ఒకే ఇల్లు వాళ్ళు పిలిచారు. వేదిక మీద మధ్య కుర్చీ ఇస్తారట. బిరుదు కూడా ఇస్తారట."

"దేనికిరా?"

"నిజం చెప్పి కష్టాలు పడినందుకు."

అక్క చేతిలోని హ్యాంగరు కింద పెట్టింది. "నువ్వు పడ్డ కష్టమేంట్రా? మూడుపూటలా నేను వండిపెడితే తినడమా?"

"నువ్వలాగే అంటావు. సరేగానీ, అంగీ కావాలి. పూర్తి దుస్తుల్లో రమ్మన్నారు."

"తీసుకో. అది నాది కాదు, నన్ను అడగడమెందుకు? అదిగో పిన్ని, అడుగు."

పిన్ని ప్రెస్సు మూత దించింది. ఆవిరి బుస్సుమంది. తమ్ముడు అటు ఒక్క చూపు చూసి, గొంతు తగ్గించి, "పోనీలే, వాళ్ళే ఏదో ఒకటి చూస్తారు" అని వెనక్కి తిరిగాడు. మళ్ళీ వెనక మెట్లే ఎక్కాడు.

వాళ్ళు చూశారు కూడా. రెండు రోజులు గడవకుండానే ఒకే ఇల్లు సమన్వయకర్త కొత్త అంగీతో కొట్టుకొచ్చాడు. ఆయన పెదవుల మీద నవ్వు చెక్కినట్టు ఉంటుంది. అంగీ మెత్తటి పట్టు, అంచుకు బంగారు రంగు దారంతో చిన్న చిన్న ఇళ్ళు కుట్టి ఉన్నాయి.

"తల్లీ, ఇది ఆవిరి పట్టించి ఉంచాలి. ఇంకో ముఖ్యమైన మాట. మా సభలో ప్రతి గురువుకూ అంగీ తొడిగేది ఆయన సొంత మనుషుల్లో ఒకరు. 'ఈయన మా మనిషి, ఈయనలో ఏ తప్పూ లేదని నా సాక్ష్యం' అని మైకులో చెప్పి తొడగాలి. మీ తమ్ముడుగారికి మీరు తప్ప ఎవరూ లేరట కదా."

ఆ చివరి మాట ఆయన సానుభూతితోనే అన్నాడు, కానీ అక్క గుండెలో ముల్లులా దిగింది. చర్చి నిండా జనం ఉండి, వాడి పక్కన నిలబడేవాడు ఒక్కడు లేడు. కానీ ఈ పట్టు అంగీ తొడిగేశాక ఇక కాళ్ళు పట్టుకున్నా వాడు పిన్ని దగ్గరికి రాడు. ఎందుకొస్తాడు? తప్పు లేదని ఊరంతా చప్పట్లు కొట్టాక తప్పయిందని చెప్పడానికి ఎవడొస్తాడు?

"వస్తాను" అంది అక్క.

వ్యాను తాళాలు వెతుక్కుంటున్న భర్త తలెత్తి చూశాడు. సమన్వయకర్త నవ్వు ఇంకొంచెం వెడల్పయింది. ఆయన వెళ్ళాక అక్క పిన్ని వైపు తిరిగింది.

"నేను..." అంటూ అక్క మొదలుపెట్టింది.

"వెళ్ళమ్మాయ్. తమ్ముడు కదా" అంది పిన్ని. చెయ్యి చాచి, "ఆ అంగీ ఇలా తే. పట్టు, నీకు ఆవిరి ఎక్కువ పట్టించే అలవాటు. ముడతపడితే కొట్టుకు చెడ్డపేరు" అని తీసుకుని, అంచు మీది ఇళ్ళు నలగకుండా కింద గుడ్డ వేసి మరీ ప్రెస్సు చేసింది. ఆమె ఏమైనా అని ఉంటే బాగుండేదని అక్కకు అనిపించింది. ఆ పూట మిగిలిన పనంతా తప్పులతడకగా చేసింది.

సభ రోజున హాలు కిక్కిరిసిపోయింది. ఎక్కడ చూసినా పూలు, తెల్ల తెరలు, నవ్వు మొహాలు. నిజం చెప్పాలంటే అక్కకు వాళ్ళ మీద కోపం రాలేదు. ముసలివాళ్ళకు చెయ్యి అందించి కూర్చోబెడుతున్నారు, ఎవరు దగ్గితే వాళ్ళకు మంచినీళ్ళిస్తున్నారు. వేదిక మీద లోకాంతంగారు, తాళంచెవిగారు, ఇంకా ఆమె ఉతికిన కాలర్లన్నీ వరసగా కూర్చున్నాయి. మధ్యలో తమ్ముడు, మామూలు చొక్కాలో, చేతులు ఒళ్ళో పెట్టుకుని. చిన్నప్పుడు తొట్టి ఎక్కే ముందు కూడా వాడు అలాగే కూర్చునేవాడు. వాడి మీద తనకు ఎంత ప్రేమో ఆ క్షణంలో తెలిసొచ్చి ఆమెకే భయమేసింది.

పేరు పిలిచారు. అక్క చీర కొంగు బిగించి, రెండు చేతుల మీదా అంగీ పెట్టుకుని వేదికెక్కింది. సమన్వయకర్త మైకు ఆమె ముందు పెట్టాడు.

"ఈయన మావాడు" అంది అక్క. "నేనే పెంచాను. వీడు మావాడు కాదని ఎప్పటికీ అనను."

చప్పట్లు మోగాయి. ఆగే దాకా ఆమె నిలబడింది.

"రెండో మాట మాత్రం నేను చెప్పలేనండీ. వీడు ఒకావిడకు తప్పు చేశాడు. ఆమె మొగుడికి ఆఖరి ప్రార్థన చదవనన్నాడు. వీడికి అంగీ తొడగవలసింది ఆమె, నేను కాదు. ఆమె ఇప్పుడు పనిలో ఉంది. నాకూ పనుంది."

కుండ బద్దలు కొట్టినట్టు అంత మాటా చెప్పి, పట్టు అంగీని పొడుగునా రెండు మడతలు, అడ్డంగా రెండు మడతలు పెట్టి, కొట్లో గిరాకీకి ఇచ్చినట్టు తమ్ముడి చేతుల్లో పెట్టింది. వాడు లేచి నిలబడి అందుకున్నాడు. మొహం పాలిపోయింది.

హాలంతా గొడవైపోతుందని అక్క సిద్ధపడింది. తిట్టినా పడదామనుకుంది, గెంటితే నడుద్దామనుకుంది. కానీ అందరూ గురుమాత అని పిలిచే ఒకే ఇల్లు పెద్దావిడ లేచి, రెండు చేతులూ చాచి వచ్చి, అక్కను గట్టిగా కావలించుకుంది. "ఎంత గొప్ప మనసు! తప్పును కూడా ఆలింగనం చేసుకునేదే మన ఇల్లు!" అంది మైకులో. మొదటిసారి కంటే పెద్దగా చప్పట్లు. ఎవరో అక్కకు శాలువా కప్పారు. ఎవరో ఫోటో తీశారు. సమన్వయకర్త తమ్ముడి చేతుల్లోని అంగీ విప్పి తనే తొడిగేశాడు. లోకాంతంగారు కళ్ళు తుడుచుకున్నారు.

వ్యానులో తిరిగొస్తూ అక్క శాలువా తీసి వెనక్కి విసిరేసింది. "కొట్టినా బాగుండేది. దిండును గుద్దినట్టయింది" అంది.

భర్త గేరు మార్చాడు. "నీ తమ్ముడు చప్పట్లు కొట్టలేదు" అన్నాడు. ఆ వారానికి ఆయన మాట్లాడిన పెద్ద మాట అదే.

తరవాత తమ్ముడు పై గదిలోంచి కిందికి దిగితే ఒట్టు. ఒకే ఇల్లు వాళ్ళు మాత్రం ఊరుకోలేదు. వాడి ఫోటోతో కాగితాలు అంటించారు, కింద 'తప్పును జయించిన బోధకుడు' అని బిరుదు. వీధి మలుపులో ఒకటి, పళ్ళ డాక్టరు గోడ మీద ఒకటి. అక్క వాటిని చూసి ఓడిపోయాననుకుంది. తను దారి చూపిద్దామని వెళ్ళి, వాడికి ఇంకో బిరుదు తెచ్చిపెట్టిందని తనను తాను తిట్టుకుంది. కానీ భోజనం పైకి పంపుతూనే ఉంది, గిన్నెలు అలాగే తిరిగొస్తున్నాయి.

ఒక ఉదయం కొట్టు తెరిచి మిషన్లు వేశారో లేదో, వాడు ముందు మెట్లు దిగి వచ్చాడు. గడ్డం మాసింది. వేసుకున్నది ఇంట్లో తిరిగే చొక్కా. కౌంటరు దాటి లోపలికొచ్చి, అక్క వైపు చూశాడు.

"వాళ్ళు దేనికైనా చప్పట్లు కొడతారక్కా. నువ్వు తప్పు చేశాడన్నా కొట్టారు. ఆ రంగులాయన్ని నేనే చంపానని చెప్పినా కొట్టేవాళ్ళు. ఆ హాల్లో ఒక్క మనిషి... ఒక్కరంటే ఒక్కరు కూడా నన్ను పక్కకు పిలిచి, ఎందుకలా చేశావురా అని అడగలేదు. అప్పుడు తెలిసింది, వాళ్ళు నన్ను చూడనే లేదని."

అక్క నోరు తెరవలేదు. నోరు తెరవకుండా ఉండటం ఆమెకు ఎంత కష్టమో ఆ వీధిలో అందరికీ తెలుసు. చూపుతోనే పిన్నిని చూపించింది.

వాడు ప్రెస్సు దగ్గరికి నడిచాడు. పిన్ని మూత పైకెత్తి ఉంచి, చొక్కా చెయ్యి సరిచేస్తోంది.

"పిన్నీ, తప్పు చేశాను."

"తెలుసు పాస్టరుగారూ."

"ఆయన నా గురించి నలుగురిలో అన్నారని కోపం పెట్టుకున్నాను. దానికి దేవుడి పేరు తగిలించాను. ఆయన అన్నది నిజం. అందుకే అంత మండింది."

పిన్ని చొక్కా వదిలి, వాడి మొహంలోకి చూసింది. "అంగీ కోసం వచ్చారా?"

"కాదు. అంగీలకేం, పైన పట్టుది ఒకటి పడుంది. నాకు ఏ అంగీ వద్దు పిన్నీ. మీరు నన్ను తిట్టండి. కొట్టండి. ఏం చెయ్యమంటే అది చేస్తాను."

"తిడితే నాకేమొస్తుంది?" పిన్ని చేతులు తుడుచుకుంది. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఆయన ప్రార్థన చదవండి."

"ఎక్కడ?"

"ఇక్కడే. అక్కడ చదవలేదు కదా."

అక్క వెళ్ళి ఒక్కొక్క మిషనే ఆపింది. ఆఖరి మిషను కూడా ఆగాక, ఆ గది అంత నిశ్శబ్దంగా ఉండటం తను ఎప్పుడూ వినలేదని ఆమెకు తోచింది. వ్యాను నుంచి మూటతో వచ్చిన భర్త గుమ్మంలోనే ఆగి, మూట దించి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

తమ్ముడి దగ్గర పుస్తకం లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చొక్కా అంచు పట్టుకున్నాడు. మొదటి మాట సరిగా రాలేదు. వేదికలెక్కి మోగిన గొంతు కాదది, తొట్టి మీద పద్యం మరిచిపోయిన పిల్లవాడి గొంతు. మెల్లగా పుంజుకుంది. మట్టి నుంచి వచ్చినవాణ్ణి మట్టికి ఇస్తున్నామన్నాడు. ఈ మనిషి కష్టపడి బతికాడు, చేతులకు రంగు అంటించుకుని ఇతరుల గోడలకు వెలుగిచ్చాడు అన్నాడు. అది పుస్తకంలో లేని మాట. పేరు చెప్పవలసిన చోట ఆగిపోయాడు. ఆ రోజు గొంతు దాటనివ్వని పేరు. దాన్ని చెప్పాడు, పూర్తిగా, ఇంటిపేరుతో సహా. ఆ పేరుగల మనిషికి నీ ఇంట్లో చోటివ్వమని అడిగాడు.

పిన్ని ప్రెస్సు అంచు పట్టుకుని వింది. భర్తను పూడ్చిన రోజున ఏడవని మనిషి, ఇన్ని నెలలు ఆవిరి మధ్య కళ్ళు తుడుచుకున్నా అది చెమటేనని అందరూ అనుకునేలా పని చేసిన మనిషి, ఇప్పుడు గట్టిగా, సిగ్గుపడకుండా ఏడ్చింది. అక్క వెళ్ళి పట్టుకుంది. తమ్ముడు దగ్గరకు రావడానికి ధైర్యం చాలక, ఉన్నచోటే నేల మీద కూర్చుండిపోయాడు.

ఏడుపు తగ్గాక పిన్ని కొంగుతో మొహం తుడుచుకుని, నేల మీద కూర్చున్న వాణ్ణి చాలాసేపు చూసింది.

"ఇన్నాళ్ళూ ఆయన్ని దేవుడి గుమ్మంలోనే నిలబెట్టేశావు నాయనా" అంది. "రోజూ పనికి వచ్చేటప్పుడు ఒక్కణ్ణీ అక్కడే వదిలేసి వస్తున్నట్టుండేది నాకు."